సీసా గుండె ఆగితేనే డిశ్చార్జి

ఆ సీసాలో కొట్టుకుంటున్నది నా కూతురి గుండె అని చెప్పారు. మరి నా కూతురి ఒంట్లో కొట్టుకుంటున్నదేమిటని అడిగాను. అదీ మీ అమ్మాయి గుండే అన్నారు. రెండూ ఒకటేనా అంటే కాదన్నారు. పోనీ వేరువేరా అంటే అదీ కాదన్నారు.

అప్పటికింకా నా చెప్పులు నా చేతిలోనే ఉన్నాయి. ఆపరేషను గదుల వైపు చెప్పులతో రాకూడదని ఎవరో అన్నట్టనిపించి విప్పేశాను. ఎక్కడ పెట్టాలో తెలియక వాటిని పట్టుకునే వరండాలో ఒక పెద్ద అద్దం ముందు నిలబడిపోయాను. అద్దానికి అవతల చిన్న గది. గదిలో పొడవాటి బల్ల, దాని మీద ఊరగాయ జాడీ అంతేసి సీసాలు. అన్నిటికన్నా ముందున్న సీసాలో గంజిలాంటి జిగురు, ఆ జిగురు మధ్యలో పిడికిలంత గుండె. దాని మీద ఎర్రటి నరాలు పాకి ఉన్నాయి. బిగుసుకుంటోంది, వదులవుతోంది. చప్పుడు మాత్రం లేదు.

"ఎర్రగా ఉందేటమ్మా? రక్తం గాని కారతందా?" అని అటుగా వచ్చిన నర్సుని అడిగాను.

"రక్తం కాదు పిన్నీ, రంగు. మనకి కనబడాలని ఏసినారు," అందామె. ఎస్తేరు అని పేరు. గట్టి గొంతు, పొడుగాటి మనిషి. "ముందు ఆ చెప్పులేసుకో. ఇక్కడ ఏసుకోవచ్చు. నిన్నెవరు విప్పమన్నారు?"

ఎవరు విప్పమన్నారో నాకు గుర్తులేదు. ఆ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ నా పరిస్థితి అదే. ఎవరేం చెప్పారో సగం గుర్తుండేది కాదు, గుర్తున్న సగం అర్థమయ్యేది కాదు.

మా అమ్మాయి పేరు పైడితల్లి. బడిలో డ్రిల్లు టీచరు. పిల్లల చేత కబడ్డీ ఆడిస్తూ, ఈల నోట్లో ఉండగానే గుండె పట్టుకుని కూలబడిపోయింది. దగ్గర్లోని ఆసుపత్రివాళ్ళు ఈసీజీ తీసి చూసి, మొహాలు మొహాలు చూసుకుని, సముద్రం ఒడ్డునున్న ఈ పెద్దాసుపత్రికి పొమ్మన్నారు. ఇక్కడ మేదిని అనే డాక్టరమ్మ గుండె నరాలను కొత్త రకంగా చూస్తుందట. ఆ పద్ధతి ఆమె కనిపెట్టిందే.

మా అమ్మాయిని లోపలికి తీసుకెళ్ళే ముందు డాక్టరమ్మ నాకూ, మా అల్లుడు త్రినాథుకూ ఒక బుడ్డి చూపించింది. ఊపితే అందులో బూడిదరంగు నలుసులు గిర్రున లేచాయి.

"మణికట్టు దగ్గర నరంలోంచి సన్నటి గొట్టం పంపి, ఈ నలుసుల్ని గుండె నరాల్లోకి వదుల్తాం. ఇవి నరం లోపలి గోడకి అతుక్కుంటాయి. గోడ ఎటు కదిలితే అటు కదులుతాయి. ఎలా కదిలాయో సీసాలో ఉన్న జిగురుకి ఎప్పటికప్పుడు చెప్తుంటాయి. జిగురు ఆ ప్రకారమే రూపు కడుతుంది. లోపల జరిగేదంతా బయట కళ్ళారా చూడొచ్చు."

"ఎలాగ సెప్తాయమ్మా?"

"రేడియోలా."

"తర్వాత ఆ నలుసులు?"

"నీళ్ళు బాగా తాగిస్తే కరిగి మూత్రంలో పోతాయి. అవి పోతున్న కొద్దీ సీసాలో గుండె వెలిసిపోతుంది. చివరికి ఆగిపోతుంది. అది ఆగాకే మేం ఇంటికి పంపుతాం. ఆగిందంటే ఒంట్లో ఒక్క నలుసు కూడా మిగల్లేదని అర్థం."

"ఆగిపోతే మంచిదా అమ్మా?"

"మంచిది."

ఒక్కొక్క మాటా విడివిడిగా అర్థమైంది. అన్నీ కలిపితే ఏమీ అర్థం కాలేదు. త్రినాథు వైపు చూశాను. అతను మా అన్నయ్య కొడుకే. చేపల రేవులో ఐసు ఫ్యాక్టరీలో పని. డాక్టరు ఏమన్నా తలూపే మనిషి. అప్పుడూ ఊపాడు.

పని ముగిశాక డాక్టరమ్మ నన్ను అద్దం దగ్గరకు పిలిచి నవ్వుతూ చెప్పింది. "నరాలు శుభ్రంగా ఉన్నాయమ్మా. అడ్డాలేమీ లేవు. ఇదిగో, ఈ ఒక్క నరం చూశారా, కొసన సన్నంగా ఉంది? ఇది మాత్రం అప్పుడప్పుడు బిగుసుకుంటోంది. కంగారు పడ్డప్పుడు, బెదిరినప్పుడు. నొప్పి అందుకే వచ్చింది. బిళ్ళలతో తగ్గిపోతుంది."

ఏమీ లేకపోతే పిల్ల ఎందుకు పడిపోయినట్టు? ఏమీ లేనిదానికి గుండె తీసి సీసాలో ఎందుకు పెట్టినట్టు? మంచి మాట చెప్పేటప్పుడు డాక్టర్లు నవ్వుతారు, చెడ్డది దాచేటప్పుడూ నవ్వుతారు. ఈ నవ్వు ఏదో నేను తేల్చుకోలేకపోయాను.

"ఈ సీసాకేమైనా అయితే పిల్లకి అవుద్దా?" అని అడిగాను.

"అద్దంలో బొట్టు చెరిపితే నుదుటి మీద బొట్టు చెరుగుతుందా అమ్మా? ఇదీ అంతే."

డాక్టరమ్మ వెళ్ళిపోయింది. నేను అక్కడే నిలబడి ఆలోచించాను. అద్దంలో బొట్టు చెరిపితే నుదుటి మీద చెరగదు, నిజమే. కానీ అద్దంలోకి చూస్తే అసలు నేనే కనబడకపోతే? అప్పుడు నేనున్నట్టా, లేనట్టా?

దీనికి నవ్వేవాళ్ళకి నేనొక సంగతి చెప్పాలి. మా ఆయన మధ్యాహ్నం భోంచేసి చాప మీద నడుం వాల్చారు. నేను పక్కనే కూర్చుని కరివేపాకు దూస్తూ, పక్కింటివాళ్ళ కోడలి గురించి ఏదో చెబుతున్నాను. ఆయన ఊఁ కొడుతున్నారు. తర్వాత ఊఁ కొట్టడం మానేశారు. నిద్ర పట్టిందనుకున్నాను. టీ పెట్టి లేపితే లేవలేదు. ఏ ఊఁకీ ఏ ఊఁకీ మధ్య పోయారో నాకు ఈ రోజుకీ తెలియదు. అంత దగ్గర్లో కూర్చుని కూడా తెలియలేదు. ఆ రోజు చాప పక్కన ఇలాంటి సీసా ఒకటి ఉంటే నాకు తెలిసేది కదా! కరివేపాకు అవతల పారేసి పరుగెత్తేదాన్ని కదా!

అందుకే ఆ అద్దం ముందు నుంచి కదల్లేదు.

నేనొక్కదాన్నే కాదు, వార్డులోవాళ్ళందరి చుట్టాలూ అక్కడే చేరేవారు. మా పక్క మంచం ముసలాయన భార్య తన మొగుడి సీసాను అటూ ఇటూ వంగి చూసి, "ముసలోడికి గుండెకాయ ఉన్నాదన్నమాట. ఇన్నాళ్ళూ నేదనుకున్నాను," అంది. అందరూ నవ్వారు. ఆమే తర్వాత మా సీసా కేసి చూసి, "మీ గుంటదే అన్నిట్లోకీ బాగుంది. ఎంత ముద్దుగా కొట్టుకుంటందో సూడండర్రా," అంది.

పసిపిల్లను పదిమంది చూస్తేనే దిష్టి తగులుతుంది. ఇది బట్టా పాతా లేకుండా బల్ల మీద పెట్టిన గుండె. లోపల తుడవడానికి ఎవరో తలుపు తీసినప్పుడు నేనూ వెనకాలే దూరి, నా కంటి కాటుక వేలితో తీసి సీసా మీద చుక్క పెట్టేశాను.

ఎస్తేరు వచ్చి గగ్గోలు పెట్టింది. "ఓలమ్మో! పిన్నీ, ఆ పైన కెమెరా ఉన్నాది. నీ చుక్క దానికి అడ్డం లాగ కనబడతాది. సీసాకి స్టెంటు ఎయ్యమంటావేటి?"

తుడిచేసింది. తుడిచేటప్పుడు ఆమె చెయ్యి తగిలి సీసా కాస్త కదిలితే నా ప్రాణం గొంతులోకి వచ్చింది. లోపల గుండె మాత్రం తన పాటికి తను కొట్టుకుంటూనే ఉంది.

ఇక వార్డులో పైడి. కుడి చేతి మణికట్టుకి గాలి నింపిన పట్టీ బిగించారు, గాయం లోంచి రక్తం రాకుండా. చెయ్యి వంచకూడదు, బరువెత్తకూడదు. మందు మత్తింకా దిగలేదు. పేషెంటు దగ్గర ఒక్కరే ఉండాలన్నారు. నేనుంటానన్నాను. త్రినాథు, ఇంటి దగ్గర మనవరాలు హారికను చూసుకోవడానికి వెళ్ళాడు.

ఎస్తేరు జగ్గు నిండా నీళ్ళు పెట్టి వెళ్ళింది. "తాగుతూనే ఉండాలి పిన్నీ. తాగిందో లేదో నన్నడిగితే నువ్వే చెప్పాలి."

మొదటి గ్లాసు తాగించాను. రెండోదీ తాగించాను. పైడి మూత్రానికి వెళ్ళొచ్చి పడుకుంది. వరండాలోకి వెళ్ళి అద్దంలోంచి చూశాను.

గుండె వెలిసిపోయింది.

ఇందాకటి ఎరుపు కాదు. ఉతికి ఉతికి పాతబడిన రవిక రంగు. అంచులు జిగురులో కలిసిపోతున్నట్టున్నాయి. కింది వైపు పాకిన సన్న నరం ఒకటి కనిపించలేదు. కళ్ళు నులుముకుని చూశాను. లేదు.

ఆగితే మంచిది అని డాక్టరమ్మ చెప్పిన మాట నాకు గుర్తుంది. గుర్తుండి ఏం లాభం? దీపం మీద నీళ్ళు పోస్తే ఏమవుతుందో చిన్నపిల్లకైనా తెలుసు. గ్లాసు తర్వాత గ్లాసు పోసి ఆర్పుతున్నది ఎవరు? నేనే. నా చేత్తో.

వార్డులోకి వచ్చి, తెర లాగి, జగ్గులో మిగిలిన నీళ్ళు చేతులు కడిగే తొట్టిలో పోసేశాను.

"అమ్మా, దాహమేస్తంది," అంది పైడి కళ్ళు మూసుకునే.

"ఒక్కసారే తాగీకూడదంట. వాంతవుద్దంట. ఇదిగో, గొంతు తడుపుకో."

రెండు గుక్కలు తాగి, పెదాలు తడుపుకుని పడుకుంది. ఏనాడూ నా మాట వినే పిల్ల కాదు. ఆ రోజు వింది.

ఎస్తేరు అడిగినప్పుడల్లా తాగిందని చెప్పాను. ఆమె చేతిలోని కంప్యూటరు పలక మీద రాసుకుని వెళ్ళేది. కొత్త జగ్గు పెట్టేది. నేను ఒంపేసేదాన్ని. వెళ్ళి చూస్తే సీసాలో గుండె వెలిసిపోవడం ఆగింది. ఉన్న రంగు ఉన్నట్టే నిలిచింది. నా ఊపిరి అప్పుడు నాకు తిరిగొచ్చింది.

ఒకసారి ఎస్తేరు నవ్వుతూ అంది: "పిన్నీ, మీ అమ్మాయికి నువ్వంటే ఎంత ప్రేమో! నువ్వు వార్డులోకి ఎల్తే సాలు, సీసాలో గుండె గబగబా ఎగిరి గంతేస్తాది. నేను కళ్ళారా సూసినాను."

నేను పొంగిపోయాను. పైడి నాతో నాలుగు మంచి మాటలాడి ఎన్నాళ్ళయిందో. పొద్దున లేస్తే ఆ పిల్ల పరుగు, ఈల, బడి. నేనేమన్నా "అబ్బా, ఆపమ్మా!" అంటుంది. లోపల ఇంత ప్రేమ దాచుకుందని సీసా చెప్తే గాని తెలియలేదు.

సాయంత్రం త్రినాథు గంజి పట్టుకొచ్చాడు. అతను పిల్ల దగ్గర కూర్చుంటే నేను అద్దం దగ్గరకు వెళ్ళాను. మొగుడు వచ్చాడు కదా, ఇంకెంత గంతులేస్తుందో చూద్దామని. గుండె గంతులేయలేదు. అప్పటిదాకా కొట్టుకుంటున్నది మెల్లిగా నిదానించింది. ఒడ్డుకు చేరిన పడవలా నెమ్మదిగా, ఒద్దికగా ఊగుతోంది. ఆ కొసన సన్నంగా ఉన్న నరం హాయిగా విప్పారి ఉంది.

ఇదేమిటో అర్థం కాలేదు. కట్టుకున్నవాడి మీద ప్రేమ లేదా? లోపలికి వెళ్ళి త్రినాథుతో, "నువ్వెళ్ళి ఆ సీసా సూడరా. నేను ఇక్కడ ఉంటాను. ఎలాగుందో సెప్పు," అన్నాను. వెళ్ళాడు. నేను పైడి దుప్పటి సర్ది, నుదురు తాకి, పెదాలు ఎందుకలా తెల్లబడ్డాయా అని దగ్గరగా వంగి చూశాను. పైడి కళ్ళు తెరిచి నా మొహం చూసింది.

త్రినాథు తిరిగొచ్చాడు.

"ఎలాగుంది?"

"గబగబా కొట్టుకుంది అత్తా. ఆ నరం కూడా..." అని ఆగాడు.

"ఆ నరం?"

"ఏటీ లేదు. గంజి సల్లారిపోతంది, పట్టించు." గిన్నె నా చేతిలో పెట్టి, కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాడు.

డాక్టరమ్మ రౌండ్సుకి వస్తే అడిగాను. "గుండె గబగబా కొట్టుకుంటే ప్రేమ ఉన్నట్టే కదమ్మా?"

"సీసా వేగం చెప్తుందమ్మా. కారణం చెప్పదు. ప్రేమకీ కొట్టుకుంటుంది, మెట్లెక్కినా కొట్టుకుంటుంది, కుక్క తరిమినా కొట్టుకుంటుంది."

ఈ మూడింట్లో నేనేదో ఎవరిని అడగాలి?

మర్నాడు పొద్దున డిశ్చార్జి అనుకున్నారు. త్రినాథు ఇంకో చొక్కా వేసుకుని వచ్చేశాడు. డాక్టరమ్మ సీసా ముందు నిలబడి కదలడం లేదు. ఇంకో ఇద్దరు కుర్ర డాక్టర్లను పిలిచింది. "చూడండి, ఇంకా నిలిచే ఉంది. ఇంతకాలం ఎవరికీ నిలవలేదు! ఆ నరం కదలిక చూడండి, ఎంత స్పష్టంగా..." ఆమె చెంపలు ఎర్రబడ్డాయి. అమ్మవారి సంబరంలో ఏనుగును చూసే పిల్లలా ఉంది. ఒక్క క్షణం నాకామె సొంత మనిషనిపించింది. ఆ సీసా ఆగకూడదని కోరుకునేది నేనొక్కదాన్నే కాదు.

అంతలో రక్తపరీక్ష కాగితం తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. చూస్తూనే ఆమె మొహంలో ఆ సంబరమంతా పోయింది.

మంచం దగ్గరకు వచ్చింది. పైడి పాదాలు నొక్కి చూసింది. "నలుసులు బయటికి పోవడం లేదు. మూత్రపిండాల్లో చిక్కుకుంటున్నాయి. ఎందుకో అర్థం కావడం లేదు. నీళ్ళు సరిగ్గానే తాగిందా సిస్టర్?"

ఎస్తేరు పలక చూసి, "తాగింది మేడం. అన్నీ తాగింది," అంది.

"సాయంత్రానికి తేడా రాకపోతే రక్తం శుద్ధి చేసే మెషీను పెట్టాల్సొస్తుంది. మూత్రపిండాలు దెబ్బతినకుండా చూడాలి."

మంచం కమ్మీ పట్టుకున్నాను. "అదేటమ్మా! సీసాలో గుండె బాగానే కొట్టుకుంటంది కదా. నేను సూస్తానే ఉన్నాను. రంగు కూడా దిగలేదు. అంటే పిల్ల బాగున్నట్టే కదా?"

"కాదమ్మా. అదెంత బాగా కొట్టుకుంటే లోపల నలుసులు అంతగా ఉండిపోయినట్టు. అది ఆగకపోవడమే ఇప్పుడు కష్టం."

నా బుర్రలో ఏదో తిరగబడింది. కాపాడుతున్నాననుకున్నదే చంపుతోందా? ఏది గుండె, ఏది నీడ? ఏది బతకాలని నేను దేన్ని ఆపాను? ఎంత ఆలోచించినా తల గిర్రున తిరుగుతోంది గాని ఒక కొస దొరకలేదు. కానీ మెషీను అన్న మాట మాత్రం అర్థమైంది. మా వీధిలో ఒకతన్ని ఆ మెషీనుకి తీసుకెళ్తూ తీసుకొస్తూ ఉండగానే అయిపోయాడు.

"నేను తాగించలేదు," అన్నాను.

ఎవరికీ వినబడలేదేమో. మళ్ళీ అన్నాను. "నీళ్ళు నేను తాగించలేదమ్మా. తొట్టిలో పోసీసినాను. తాగతంటే అది ఆరిపోతంది. నా సేత్తో ఎలాగ ఆర్పుతాను?"

ఎస్తేరు పలక దించింది. "నీ మాట నమ్మి రాసినాను పిన్నీ," అంది. తిట్టినా బాగుండేది.

డాక్టరమ్మ కోప్పడుతుందని తల వంచుకున్నాను. ఆమె పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. "ఆ అద్దానికి పరదా వేయించాలి," అంది, నాతో కాదు, తనతో తను.

"పరదా ఏసుంటే నేను అప్పుడే సచ్చిపోయేదాన్ని," అన్నాను.

"తెలుసమ్మా. అందుకే ఏం చెయ్యాలో తోచడం లేదు," అని లేచి, సెలైను పెట్టమని, నీళ్ళు దగ్గరుండి తాగించమని ఎస్తేరుకు చెప్పి వెళ్ళిపోయింది.

పైడి మంచం మీద లేచి కూర్చుంది. నన్నే చూస్తోంది. అంత కోపం దాని కళ్ళల్లో నేనెప్పుడూ చూడలేదు.

"నోరెండిపోయి నాలిక అట్టలాగ అయిపోనాది నాకు. అడిగితే గొంతు తడుపుకో అన్నావు. అమ్మ సెప్పింది కదా అని పడుకున్నాను. నువ్వేటి సేస్తన్నావో నీకు తెలుస్తందేటమ్మా?"

"తెలీదు," అన్నాను. నిజమే చెప్పాను.

"పైడీ, ఊరుకో," అన్నాడు త్రినాథు.

"నువ్వుండు బావా." మళ్ళీ నా వైపు తిరిగింది. గొంతు తగ్గింది. "నువ్వు తలుపు తీసుకుని వస్తావు సూడు. అప్పుడు నీ మొహం సూడాలి. నాకేదో అయిపోనాది, నీతో సెప్పినారు, నా దగ్గర దాసినారు అనిపిస్తాదమ్మా నాకు. సిన్నప్పట్నుంచీ అంతే. నాకు జొరమొస్తే జొరానికి భయమెయ్యలేదు. నీ మొహానికి భయమేసేది."

మూడింట్లో నేనేదో తెలిసిపోయింది.

ఏడుపు రాలేదు. ఏడిస్తే ఆ మొహం కూడా దానికి కనబడుతుంది. ఎటు తిప్పాలో తెలియని మొహంతో నిలబడ్డాను. ఈ మొహాన్ని నేనేం చెయ్యను? అది నేను పెట్టుకున్నది కాదు. తీసి పక్కన పెట్టేదీ కాదు.

ఎస్తేరు కొత్త జగ్గు తెచ్చి, నా చేతికి ఇవ్వకుండా బల్ల మీద పెట్టింది. నేను పోయడానికి చెయ్యి చాపితే పైడి, ఎస్తేరు, త్రినాథు ముగ్గురూ ఒక్కసారే నా చేతివైపు చూశారు. గ్లాసు నిండా పోశాను. కాస్త ఒలికింది. పైడి గ్లాసు అందుకుని ఆపకుండా తాగింది. మళ్ళీ పోశాను. తాగుతూ గ్లాసు అంచు మీంచి నన్ను చూసింది. నేను గోడ వైపు తిరిగాను.

ఆ పూటంతా పోస్తూనే ఉన్నాను. వరండాలోకి వెళ్ళలేదు. మధ్యలో ముసలాయన భార్య వచ్చి, "మీది బాగా పల్సబడిపోనాది," అని చెప్పి పోయింది. ఇంకో గ్లాసు పోశాను. సాయంత్రం రక్తం తీశారు. ఎక్కిన అంకె దిగడం మొదలుపెట్టిందన్నారు. మెషీను అక్కర్లేదన్నారు. దిగితే మంచిదట. సరే, దిగితే మంచిది.

తర్వాతి రోజు ఎస్తేరు వచ్చి, "ఆగిపోతంది. సూడాలంటే రండి. సూడకపోయినా పర్లేదు," అంది.

నేను కదల్లేదు. పైడి మంచం దిగింది. "నేను సూస్తాను. నాది కదా. ఇంతమంది సూసినారు గాని నేనే సూడలేదు. పద."

అద్దం ముందు ఇద్దరం నిలబడ్డాం. సీసాలో గుండె లాంటిదేమీ లేదు. తెల్లటి జిగురులో పొగలాగ ఏదో ముడుచుకుంటోంది, విచ్చుకుంటోంది. మధ్యలో ఒక్క గులాబి రంగు దారం మాత్రం మిగిలింది.

"ఇంతేనా? ఇంత సిన్నదా?" అంది పైడి. దాని గొంతులో నవ్వుంది. ఆ మాటతో పాటే దారం గబగబా రెండుసార్లు కదిలింది. పైడి వెనక్కి తగ్గింది. "అయ్యబాబోయ్! నేను మాటాడితే అదీ మాటాడతంది."

నేను ఊపిరి బిగబట్టాను. ముడుచుకుంది. విచ్చుకుంది. ముడుచుకుంది.

విచ్చుకోలేదు.

నేను కెవ్వుమనబోయి పైడి చెయ్యి పట్టుకున్నాను.

"అబ్బా! అమ్మా, అదే సెయ్యి! గాయం!" అని విదిలించుకుంది. కుడిచెయ్యి. పట్టీ ఉన్న మణికట్టు. నాడి దొరుకుతుందని పట్టుకున్నాను. దొరకాల్సిన చోటే దూది ఉంది. సీసాలో ఏమీ లేదు. దూది కింద ఏముందో తెలియదు. నా ఎదురుగా నా కూతురు చెయ్యి ఊపుకుంటూ, నన్ను తిడుతూ నిలబడి ఉంది. దాని వెనకాల జిగురు మామూలు గంజిలా తేరుకుని ఉంది. కళ్ళకు ఒకటి కనబడుతోంది, చెవులకు ఇంకోటి వినబడుతోంది. ఏది నమ్మాలో తెలియక కాసేపు రెండింటి మధ్యా నిలబడ్డాను.

ఎస్తేరు తలుపు తీసి సీసా బయటికి తెచ్చి, జిగురు ఒంపడానికి తీసుకెళ్ళిపోయింది. "శుభంగా ఇంటికెళ్ళండి," అంది.

ఆటోలో నేను ముందు డ్రైవరు పక్కన కూర్చున్నాను. వెనక చోటుంది రమ్మన్నాడు త్రినాథు. నాకు ముందే బాగుంటుందన్నాను. అలాగైతే నా మొహం పైడికి కనబడదు.

ఇంటికి రాగానే పైడి స్నానం చేస్తానంది. గాయం తడవకుండా చేతికి పాలకవరు చుట్టి, రబ్బరు బ్యాండు వేశాను. వేడినీళ్ళలో చన్నీళ్ళు తొరిపి పెట్టాను. లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది. గడియ పెట్టొద్దన్న మాట నాలిక చివరిదాకా వచ్చి, అక్కడే ఆగింది.

చెంబుతో నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు వినబడుతోంది. నేను తలుపు బయటే నిలబడ్డాను. చెంబు బకెట్టుకు తగిలింది. నీళ్ళు పడ్డాయి. మళ్ళీ చెంబు తగిలింది.

ఆ తర్వాత చప్పుడు లేదు.

సబ్బు రాసుకుంటోందేమో. ఒంటి చేత్తో ఆలస్యమవుతుందేమో. కూలబడిపోయిందేమో. తలుపుకి ఇవతల సీసా లేదు, అద్దం లేదు. చెక్క మీద చెయ్యి వేశాను. తడితే తెలిసిపోతుంది. కానీ తడితే లోపల ఆ పిల్లకి నా మొహం కనబడుతుంది, తలుపు ఉన్నా సరే కనబడుతుంది. ఆ సన్నపు నరం బిగుసుకుంటుంది. తట్టకపోతే... తట్టకపోతే ఏమిటో నాకు తెలియదు. తెలియకుండా ఎలా నిలబడాలో కూడా నాకెవరూ చెప్పలేదు.

చెయ్యి తీసేశాను.

వంటింట్లోకి వెళ్ళాను. వీధరుగు మీద త్రినాథు హారికకు జడ వేయలేక తిప్పలు పడుతున్నాడు. స్నానాలగది వైపు నుంచి ఇంకా ఏ చప్పుడూ లేదు. బియ్యం డబ్బా మూత తీశాను. వాళ్ళిద్దరికీ రెండు గ్లాసులు కొలిచాను. నాకొకటి. చెయ్యి కాసేపు గాల్లోనే ఉండిపోయింది. పైడికి ఇంకోటి కొలిచి, నలుగురి బియ్యమూ కడిగి, పొయ్యి మీద పెట్టాను.